2504 నాటి బండికి రంగెయ్యడం

మన పుష్పక విమానానికి ఇంతవరకూ తుప్పు పట్టలేదు. పౌరాణిక సినిమాల్లో ఎన్నిసార్లు చూసినా అదే తళతళ, అదే బంగారు రంగు. లంక నుంచి అయోధ్య దాకా ఎగిరొచ్చినా రెక్క మీద కాకిరెట్ట కూడా కనపడదు. కథ ప్రకారం చూస్తే దాన్ని కుబేరుడి దగ్గర రావణుడు లాక్కున్నాడు, రావణుడు పోయాక రాముడెక్కాడు, ఆ తర్వాత తిరిగి కుబేరుడి దగ్గరికే పంపేశాడు. అంటే చేతులు మారి మారి సొంతదారు దగ్గరికి చేరిన సెకండ్‌హ్యాండ్ బండి. అంత చరిత్ర ఉన్న బండి మీద ఒక్క గీత లేదు.

కొన్ని నెలలుగా నాకు ఇదే ఆలోచన. ఎందుకంటే ధవళేశ్వరంలో మా మేడ మీద గదిలో, ఒక చిన్న బల్ల మీద, నేనో బండి చేస్తున్నాను. 2504వ సంవత్సరంలో గోదావరి ఒండ్రు తోడే బండి. చక్రాలకి బదులు ట్యాంకుకి ఉన్నట్టు గొలుసు పట్టాలు, ముందర తవ్వే తొట్టి, వెనకాల పంపు. అసలు బండి తొమ్మిదడుగుల ఎత్తుంటుందని లెక్క. నా బొమ్మ దానికి 35వ వంతు, అంటే మూడంగుళాల పైచిలుకు. కిట్టు కొని అతికించింది కాదు, దీన్ని మోడల్ చేసేవాళ్లు స్క్రాచ్‌బిల్ట్ అంటారు. రెండు సబ్బుపెట్టెలు, పాడైపోయిన మౌసులోని చక్రం, పెన్ను రీఫిళ్లు, టూత్‌పేస్టు మూతలు, మాత్రలు అయిపోయిన అట్ట. మిగతాదంతా ఇంటీరియర్ పనివాళ్లు వాడే తెల్ల పీవీసీ షీటు ముక్కలు. కట్టడం అయిపోయింది. ఇక రంగు. కట్టడానికి చెయ్యి తిరిగితే సరిపోయింది గానీ, రంగెయ్యడానికి మాత్రం చరిత్ర చదవాల్సొచ్చింది. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

2504 అనే సంవత్సరం నాది కాదు, అప్పు తెచ్చుకున్నది. 1991 జూలైలో విడుదలైన 'ఆదిత్య 369'లో కాలయంత్రం ముందు 1526కి, రాయలవారి కాలానికి వెళ్తుంది. ఆ తర్వాత 2504కి. సింగీతం శ్రీనివాసరావుగారు వెల్స్ నవలని గుర్తుపెట్టుకుని తీసిన సినిమా. వెల్స్ పుస్తకం 1895ది. దానికి కళాదర్శకులు పేకేటి రంగా. మా తరం వాళ్లం దాన్ని టీవీలో చూసి, తర్వాత నెలరోజులు మంచాల కింద దూరి కాలయంత్రం ఆట ఆడుకున్నాం. నా జ్ఞాపకంలో ఆ యంత్రం ఎప్పుడూ కడిగిన ముత్యంలాగే ఉంటుంది. అది తప్పని నేననను. ఒక ప్రొఫెసరు తన ప్రయోగశాలలో చేసుకున్న యంత్రం, ఒకటే ఒకటి, ఇంకా ఎవరూ వాడనిది. కొత్తగా ఉండటం దానికి న్యాయమే. మనకి యంత్రం అనగానే ప్రయోగశాలో, దేవలోకమో గుర్తొస్తాయి గానీ షెడ్డు గుర్తురాదు ఎందుకని? అదీ నా గొడవ.

అలాగని మన సినిమావాళ్లకి చిన్నబొమ్మల పని తెలీదనుకుంటే పెద్ద పొరపాటు. 1957లో 'మాయాబజార్' కోసం మద్రాసులో ద్వారకని బొమ్మగా కట్టారు. యాభై అడుగులు బై అరవై అడుగుల జాగా, అందులో మూడొందల దాకా చిన్నచిన్న ఇళ్లు, లోపల కరెంటు దీపాలు. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్లే. సినిమా నలుపు తెలుపుల్లో ఉంది కాబట్టి ఆ ఇళ్ల రంగు మనకి తెలిసే అవకాశమే లేదు. నలుపు తెలుపు సినిమాకి రంగులేసేవాడు ఎరుపా నీలమా అని చూడడు, అది తెరమీద ఏ బూడిద ఛాయగా దిగుతుందని చూస్తాడు. రంగు పేరు మర్చిపోయి వెలుగుని మాత్రమే చూడగలగడం నిజానికి మోడల్ పెయింటర్‌కి కావలసిన మొదటి విద్య. నేనిప్పటికీ ప్రతి పూత అయ్యాక ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తాను. రంగులో బాగున్నట్టు కనపడ్డది, ఆ ఫొటోలో పిండిముద్దలా కనపడితే మళ్లీ మొదలు.

(పక్కదారి పడుతున్నాను గానీ, 'మాయాబజార్'లో అసలు సైన్స్ ఫిక్షన్ వస్తువు ఘటోత్కచుడి దగ్గర లేదు, శశిరేఖ చేతిలో ఉంది. ప్రియదర్శిని పెట్టె. మూత తీస్తే ఎదుటివాళ్లకి ఏది ఇష్టమో అది కనిపిస్తుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భంగిమ చూడండి, అచ్చం లాప్‌టాప్.)

చిన్నబొమ్మలతో ఉన్న చిక్కు ఏమిటంటే ఇంటిని తగ్గించగలం, నీటిని తగ్గించలేం. ఓడల నమూనాలని తొట్టిలో లాగి పరీక్షలు చేసిన విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 19వ శతాబ్దంలో దీనికో లెక్క చెప్పాడు. బొమ్మ పొడవు 25వ వంతైతే, దాని మీద అల కదిలే కాలం 25కి వర్గమూలం, అంటే అయిదో వంతు. ఆనకట్టలు కట్టేముందు ఇంజనీర్లు చేసే నమూనాల్లో వాడేది ఈ సూత్రమే. సినిమా కెమెరామన్ వాడేదీ ఇదే. 25వ వంతు పడవని అల మీద తియ్యాలంటే సెకనుకి 24 ఫ్రేములు కాదు, 120 ఫ్రేములు తియ్యాలి. అప్పుడు తెరమీద ఆ అల బరువుగా, పెద్దనదిలా కదులుతుంది. కాలయంత్రం అంటే ఎక్కడో ఉంటుందనుకుంటాం. ఇరిగేషన్ వాళ్ల నమూనా తొట్టిలోనూ ఒక కాలయంత్రం ఉంది.

ధూళికీ ఇదే చిక్కు. గోదావరి ఒండ్రుని ఎండబెట్టి, గుడ్డలో జల్లించి బండికి పూస్తే సహజంగా ఉంటుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్కేసి చూడండి. మెత్తటి ఒండ్రు రేణువుల్లో పెద్దవి మిల్లీమీటరులో నూటికి ఆరో వంతు ఉంటాయి. 35 రెట్లు పెంచితే రెండు మిల్లీమీటర్లు. అంటే 2504లో ఆ బండి మీద పడ్డది ఒండ్రు కాదు, బరకిసక. మన కళ్లముందున్న నిజమైన మట్టి ఆ బొమ్మ లోకంలో అబద్ధమైపోతుంది. అందుకే నేను తెచ్చుకున్న ఒండ్రుని కల్వంలో నూరి, గ్లాసు నీళ్లలో కలిపి, బరువుది అడుక్కి దిగాక పైన తేలే బురదనీళ్లని వేరే గిన్నెలోకి వంపి, అది ఆరగా మిగిలిన పొడిని మాత్రమే వాడాను. గోదావరి తన డెల్టాని చేసుకున్న పద్ధతి కూడా దాదాపు ఇదేననుకోండి. బరువుది ముందు వదిలేసి, మెత్తటిది కిందికి మోసుకుపోతుంది.

*

యంత్రాలకి మురికి పుయ్యడం అనేది సినిమాల్లో ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం గానీ, అది ఒక పద్ధతిగా ఎక్కడ స్థిరపడిందో చెప్పొచ్చు. 1965లో ఇంగ్లండులో వచ్చిన పిల్లల టీవీ సీరియల్ 'థండర్‌బర్డ్స్'. తోలుబొమ్మలాటకి దూరపు చుట్టం లాంటి తీగబొమ్మల కథ. దానికి బొమ్మ వాహనాలు చేయించిన డెరెక్ మెడ్డింగ్స్, కొత్త రంగేసిన బొమ్మ కెమెరాకి బొమ్మలాగే కనిపిస్తుందని గమనించి మసి, జిడ్డు, గీతలు పెట్టించాడు. ప్లాస్టిక్ మోడల్ కిట్ల నుంచి విరిచిన ముక్కలు అతికించడం కూడా ఆ షెడ్డులో మామూలే. 1968లో క్యూబ్రిక్ '2001' దీనికి పూర్తి వ్యతిరేకం. యాభై అడుగులు దాటిన ఓడ నమూనా చేయించి దాన్ని తెల్లగా, ఆసుపత్రి గోడంత తెల్లగా ఉంచాడు. 1977లో లూకస్ 'స్టార్ వార్స్' మళ్లీ మురికి వైపు తిరిగింది. ట్యాంకుల కిట్లు, విమానాల కిట్లు కొని చీల్చి, ఆ ముక్కలు ఓడల మీద అతికించి, పైన మసి, తుప్పు, ఊడిపోయిన రంగు. అది వాడేసిన లోకంలా కనపడాలన్నది ఆయన పట్టుదల.

నాకు అందరికన్నా ఇష్టమైనవాడు మాత్రం జపాన్‌లోని కో యొకొయామ. 1982లో 'హాబీ జపాన్' పత్రికలో తన బొమ్మల ఫొటోలతో ఒక యుద్ధకథ మొదలుపెట్టాడు. పింగ్‌పాంగ్ బంతులు, కిట్ల చెత్తముక్కలు, ఏది దొరికితే అది. స్వతహాగా చిత్రకారుడు కావడంతో స్ప్రేగన్ను కన్నా బ్రష్షుకే విలువిచ్చాడు. బ్రష్షు గీతలు దాచడు, మిషను మీద బొమ్మ గీసినట్టు రంగేస్తాడు. ఎయిర్‌బ్రష్షూ దానికి కంప్రెసరూ కొనే స్తోమతు లేనివాడికి ఇది పెద్ద ధైర్యం.

మన దగ్గర ఈ విద్య ముక్కలు ముక్కలుగా ఎప్పట్నుంచో ఉంది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్క ముక్కల్ని అతికించేది మక్కుతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. మోడల్ చేసేవాళ్లు డబ్బులు పోసి కొనే పుట్టీకి ఏం తీసిపోదు. దాని మీద సుద్ద పూత, అదే ప్రైమర్. ఆ తర్వాతే రంగులు. కానీ కొండపల్లి బొమ్మ కూడా కొత్తగానే పుడుతుంది. అంబారీ ఏనుగు కాళ్లకి మట్టి ఉండదు. బొమ్మలకొలువులో పెట్టుకునేవాటికి మట్టెందుకు అంటే నా దగ్గర జవాబు లేదు. నా బండి కొలువుకి కాదు, అంతే.

2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' వచ్చాక మన తెర మీదకి కూడా వాడిన బండి వచ్చింది. భైరవ తోలే బుజ్జి. దాన్ని మహీంద్రా వాళ్లూ, కోయంబత్తూరు జయెమ్ ఆటోమోటివ్స్ వాళ్లూ కలిసి నిజంగానే నడిచేట్టు కట్టారు. దాదాపు ఆరు టన్నులు, ముందు రెండు పెద్ద చక్రాలు, వెనకాల బంతిలాంటి చక్రం ఒకటి. మే 22న రామోజీ ఫిల్మ్‌సిటీలో జనం ముందుకి తెచ్చారు. సినిమా తయారీ మీద విడుదల చేసిన వీడియోల వరసకి 'ఫ్రమ్ స్క్రాచ్' అని పేరు పెట్టుకోవడం నాలాంటివాళ్లకి చెప్పలేనంత సంతోషం. ఆ సినిమాకి సింగీతంగారు మార్గదర్శకులుగా ఉన్నారన్నది తెలిసిందే. కాలయంత్రం నుంచి బుజ్జి దాకా ఒకే చెయ్యి ఆనింది.

కానీ బుజ్జి తిరిగే లోకం గంగ ఎండిపోయిన కాశీ. దుమ్ము, ఇసక, పొడి తుప్పు. 'మ్యాడ్ మాక్స్' దగ్గర్నుంచి 'డ్యూన్' దాకా సైన్స్ ఫిక్షన్ బండి అంటే ఎడారి బండే. మోడల్ రంగుల మీద వచ్చే పుస్తకాలూ వీడియోలూ అంతే. ఆఫ్రికా ఎడారిలో జర్మన్ ట్యాంకు, రష్యా మంచులో జర్మన్ ట్యాంకు. సీసాల్లో అమ్మే ధూళి పొడుల మీద ఊళ్ల పేర్లు ఉంటాయి, దేశాల పేర్లు ఉంటాయి, మన డెల్టా పేరు ఉండదు. లేదని ఏడవడం కాదు. మన మట్టి వేరు, మన తడి వేరు, ఇక్కడ ఇనుము చచ్చే తీరు వేరు. దాన్ని చూసి రాసిపెట్టుకున్నవాళ్లు లేరు. అందుకని ఊళ్లోకే వెళ్లాను.

*

ధవళేశ్వరం అనగానే ఆనకట్ట, ఆనకట్ట అనగానే కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. నదిలో లంకలు అడ్డం ఉండటంతో నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మనం మర్చిపోయే సంగతి ఒకటుంది. కొండరాయిని గట్టుకి చేర్చడానికి ఇక్కడ పట్టాలు వేశారు. 1845లోనే ధవళేశ్వరంలో రాతిబళ్ల రైలుదారి ఉంది. బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంటే మన ఊరు బొంబాయి కన్నా ముందు పట్టాల చప్పుడు విన్నది. పక్కనే వర్క్‌షాపు, వేలమంది కూలీలు, వందలమంది వడ్రంగులు, కమ్మర్లు. 19వ శతాబ్దం మధ్యలో గోదావరి గట్టు మీద ఇంతకన్నా సైన్స్ ఫిక్షన్ దృశ్యం ఏముంటుంది?

పాత ఆనకట్ట స్థానంలో 1970లలో బ్యారేజీ కట్టడం మొదలై 80ల తొలినాళ్లకి పూర్తయింది. నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. ఊళ్లో కాటన్ మ్యూజియం ఉంది, అందులో ఆనకట్ట నమూనాలున్నాయి. మోడల్ చేసేవాడికి అది గుడితో సమానం. నేను అక్కడ చూసేది మాత్రం ఆ నమూనాల్లో మనుషులు ఎంత తక్కువ ఉంటారని. నీళ్లున్నాయి, రాయి ఉంది, గేట్లున్నాయి. కాటన్ విగ్రహాలు డెల్టా అంతా ఉన్నాయి, గుర్రం మీద కూడా ఉన్నాయి. కాటన్ తర్వాత ఇంకో పేరు చెప్పమంటే వీణెం వీరన్న దగ్గర ఆగిపోతాం. ఆ తర్వాత రాయి మోసినవాళ్లవీ, నూట డెబ్భై ఏళ్లుగా లాకులు తిప్పుతున్న లస్కర్లవీ పేర్లు ఎక్కడా లేవు. పేర్లు లేకపోతే ఏం, గుర్తులున్నాయి. కాలవ మీద పాత లాకు ఎక్కడైనా చూడండి. తిప్పే చక్రానికి నాలుగువైపులా రంగు ఒకేలా పోదు. చేతులు పడ్డచోట ఇనుము వెండిలా మెరుస్తుంది, చేతులు పడనిచోట తుప్పు పేరుకుంటుంది. రోజూ తాకే ఇనుము తుప్పు పట్టదు. ఆ మెరుపు తరతరాల హాజరుపట్టీ. దాని మీద కొత్త పెయింటు కొట్టేస్తే శుభ్రంగా ఉంటుంది, హాజరుపట్టీ పోతుంది.

రంగెయ్యడం అంటే నాకు అర్థమైంది ఇక్కడే. భవిష్యత్తు బండికి రంగెయ్యడం అంటే దానికి గతం రాయడం. ఎవరు ఎక్కారు, ఎటునుంచి దిగారు, ఎన్ని వరదలు చూసింది, ఎన్నిసార్లు బడ్జెట్టు వచ్చి మళ్లీ రంగు కొట్టారు. ఇవి తెలీకుండా నాలుగు గోధుమరంగు మరకలు చల్లితే అది తుప్పు కాదు, అలంకారం. పుష్పకం మీద బంగారు పూత ఎంతో, అదీ అంతే.

మా వీధి చివర లారీలకి రంగులేసే పెద్దాయన ఉన్నారు. పెయింటర్ బాబాయ్ అంటాం అందరం. బండి తీసుకెళ్లి చూపించాను. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"బాగానే కట్టేరండి. ఏం రంగేస్తారు?"

"పాతబండిలా ఉండాలి బాబాయ్. ఇరవై ముప్ఫై ఏళ్లు వాడినట్టు."

"ఆయ్. కొత్తబండి చేసి పాతబండి రంగెందుకండీ? మా దగ్గరికొచ్చేవోళ్లు పాతబండి తెచ్చి కొత్త రంగెయ్యమంటారు." నవ్వేరు. తర్వాత కాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న నా పనినంతా మార్చేసింది. "ఇంతకీ ఈ బండి ఎవరు తోల్తారండి?"

"అంటే?"

"తోలేవోడు ఎవడో చెప్పండి, మచ్చ ఎక్కడ పడుద్దో నే చెప్తాను. పొడుగోడైతే తలుపు పైన పట్టుకుంటాడు, పొట్టోడైతే కింద పట్టుకుంటాడు. కిళ్లీ ఏసుకునేవోడైతే కుడిపక్క తలుపు కింద ఎర్రగుంటది. లారీ సూసి డ్రైవర్ని చెప్పేత్తాం మేవు."

ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

*

ఇక పూతలు. ముందు సబ్బునీళ్లతో కడిగి, ఎమెరీ కాగితంతో రుద్ది, బూడిదరంగు ప్రైమర్. దాని మీద రెడ్ఆక్సైడ్ రంగు, ఎందుకంటే మన దగ్గర ఇనుము అనేది రెడ్ఆక్సైడ్ లేకుండా పుట్టదు. కిటికీ ఊచ అయినా, గేటు అయినా. 2504లో కూడా ఎవరో ఒకరు అది కొట్టే తీరతారని నా నమ్మకం.

బండికి మూడు జన్మలు ఇచ్చాను. మొదటిది నీలం: కొత్తగా వచ్చినప్పటి రంగు. రెండోది పసుపు: ఎప్పుడో వేరే శాఖకి బదిలీ అయినప్పుడు కొట్టింది. మూడోది వెలిసిన సిమెంటు తెలుపు: ఎవరో తక్కువ ధరకి టెండరు వేసినప్పుడు కొట్టింది, అందుకని అది పల్చగా ఉంటుంది, కింద పసుపు తొంగిచూస్తుంది. ప్రతి రంగులోనూ కాస్త తెలుపు కలిపాను. 35వ వంతు బొమ్మని అడుగు దూరంలో చూడటమంటే అసలు బండిని 35 అడుగుల దూరంలో చూడటం. మధ్యలో అంత గాలి ఉంటే రంగు కొంచెం పాలిపోతుంది. చిన్న బొమ్మకి అసలు రంగు వేస్తే ముదిరిపోయి కనిపించడానికి కారణం అది.

రంగు ఊడగొట్టడానికి రెండు దారులు. ఒకటి హెయిర్‌స్ప్రే. కింది పూత ఆరాక హెయిర్‌స్ప్రే కొట్టి, దాని మీద అక్రిలిక్ రంగు వేసి, అది ఆరగానే నీళ్లు తడిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే పైరంగు పెచ్చులుపెచ్చులుగా లేస్తుంది. రెండోది ఉప్పు. కింది పూత మీద తడిచేసి రాళ్లుప్పు పొడి చల్లి, ఆరాక పైన డబ్బా స్ప్రే కొట్టి, తర్వాత ఉప్పు రాల్చేస్తే ఉప్పున్నచోట పైరంగు అంటదు. అంతర్వేది వైపు ఇనుప గేట్ల మీద రంగు లేచే తీరు ఉప్పుకే వస్తుంది, హెయిర్‌స్ప్రేకి రాదు. సముద్రం గాలి ఇనుముని పొక్కులుగా తింటుంది. ఉప్పుతో చేసే పనికి ఉప్పుతోనే బొమ్మ కట్టడం నాకు ముచ్చటేసింది.

మూడు రంగులూ కనపడే పెచ్చులు మాత్రం సన్న బ్రష్షుతో చేత్తో పెట్టాను. ముందు పసుపు చుక్క, దాని లోపల కాస్త చిన్న నీలం, దాని లోపల రెడ్ఆక్సైడ్, నట్టనడుమ నల్లటి గోధుమ. మ్యాపులో కొండని గీసినట్టు ఉంటుంది. ప్రతి పెచ్చూ పెట్టేముందు బాబాయ్ ప్రశ్న వేసుకోవాలి, ఇక్కడ ఏం తగిలింది అని. తొట్టి అంచున అంటే రాయి. తలుపు పక్కన అంటే తాళాల గుత్తి. పైకప్పు మీద అంటే ఏమీ తగల్లేదు, అక్కడ పెచ్చు ఉండకూడదు, ఎండకి వెలవాలంతే. పట్టుకునే కడ్డీలకి రంగు లేకుండా 6బీ పెన్సిలు పొడి వేలితో రుద్దాను. లాకు చక్రం మీద చూసిన మెరుపు వచ్చింది.

తర్వాత వాష్. చిత్రకళ చదివినవాళ్లకి వాష్ అంటే బెంగాల్ చిత్రకారులు కాగితాన్ని నీళ్లలో ముంచి మళ్లీ మళ్లీ పల్చటి రంగు పూసే పద్ధతి గుర్తొస్తుంది. ఇక్కడ వాష్ అంటే ముదురు గోధుమ ఆయిల్ రంగుని టర్పెంటైన్‌లో నీళ్లలా పల్చన చేసి మూలల్లోకి, సందుల్లోకి పారనివ్వడం. మెరక మీద నిలవదు, పల్లంలో నిలుస్తుంది. మా వీధిలో వాన పడ్డప్పుడు ఏ ఇంటి ముందు నీళ్లు నిలుస్తాయో తెలిసినవాళ్లకి వాష్ నేర్పక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది వరద గీతలకి. ధవళేశ్వరం దగ్గర వరదకి భాష ఉంది. నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోదంటే 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు వచ్చాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. ఇక్కడ పెద్దవాళ్లు ఎవరి వయసు చెప్పాలన్నా ఎనభయ్యారుకి ముందా వెనకా అంటారు. వరద తీశాక గోడ మీద గీత ఒకటే ఉంటుందనుకుంటాం గానీ, దగ్గరికెళ్లి చూస్తే పది ఉంటాయి. నీరు ఒక్కసారిగా దిగదు. ఒకచోట రెండురోజులు నిలుస్తుంది, జానెడు దిగుతుంది, మళ్లీ నిలుస్తుంది. నిలిచిన ప్రతిచోటా ఒక సన్నటి అంచు. పై గీత పల్చగా ఎర్రగా ఉంటుంది, ఎర్రనీరు వచ్చినప్పటిది. కిందికి పోయేకొద్దీ ఒండ్రు మందమై, ఆరి, బూడిదా గోధుమా కాని రంగులోకి మారుతుంది. తడిగా ఉన్నప్పుడు దాదాపు నల్లన, ఎండితే బిస్కట్ రంగు. ఏడారుల దుమ్ము పైనుంచి పడుతుంది. మన మట్టి కిందనుంచి ఎక్కుతుంది. ఈ ఒక్క తేడాతో బండి మొత్తం మారిపోయింది. పైకప్పు శుభ్రంగా ఉండి, నడుం కిందంతా మునిగి తేలినట్టు ఉంటుంది. ఎడారి బళ్లు అలవాటైన కంటికి మొదట తలకిందులుగా అనిపిస్తుంది.

మనిషి మోకాలు దాటిన వరద, రెండడుగులనుకోండి, నా బండి మీద సెంటీమీటరున్నర పైచిలుకు. అక్కడ ఒక గీత. తలుపు సగానికి ఇంకోటి, పాతది, తుడిచినా పోనిది. మూడో పూత దాని మీదుగా వేసినా కింద గరుకు కనిపిస్తుంది. దానికి నేను సంవత్సరం కూడా అనుకున్నాను గానీ ఎక్కడా రాయలేదు. నంబరు మాత్రం రాయించాను. బాబాయ్ దగ్గరికి మళ్లీ వెళ్తే, కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వెంట్రుకల బ్రష్షుతో, తెలుగంకెల్లో రాశారు. ఇంగ్లీషు అంకెలు రాయమని నేనడగలేదు, తెలుగువి రాస్తానని ఆయనా చెప్పలేదు. ఆరాక చూస్తే ౨౫౦౪.

"తోలేవోడెవడో ఇంకా చెప్పలేదండి మీరు," అన్నారు బ్రష్షు కడుక్కుంటూ.

చెప్పాను. ఆడమనిషి, లస్కరు, అయిదడుగుల లోపు. నాలుగో తరం నుంచీ వాళ్ల ఇంట్లో ఇదే పని. బండి కట్టినవాళ్లు ఆరడుగుల మనిషిని అనుకుని మెట్టు పైన పెట్టారు. ఆవిడ ఎక్కలేదు.

ఆయన బండిని కంటి దగ్గర పెట్టుకుని తలుపు కింద వేలుగోరుతో చూపించారు. "మరయితే ఇక్కడో మెట్టు ఎల్డింగు చేయించుకునుంటదండి ఆవిడ. సొంత డబ్బులతో."

ఇంటికొచ్చి పేపరు క్లిప్పు విరిచి మెట్టు చేసి, బంక ముద్దలు కనపడేట్టే అతికించాను. కంపెనీ పని కాదు కదా. నీలం, పసుపు కాలాల్లో అది లేదు. అందుకని దానికి మూడో పూత ఒక్కటే వేసి, నడిమధ్యన, ఒక పాదం పట్టేంత మేర, పెన్సిలు పొడి రుద్దాను.